బోర్డు పెయింటర్ మీద కామెడీ సినిమా రాస్తున్నా. ఆయన్ని చిన్నబుచ్చకుండా నవ్వించడం ఎట్లా?

శివనగర్ స్క్రిప్టు

అందరికీ నమస్తే. మాది వరంగల్ శివనగర్. పగలు ఒక మందుల ఏజెన్సీలో బిల్లింగ్ చేస్తాను, రాత్రి స్క్రిప్టు రాస్తాను. గంటన్నర సినిమా. స్టార్లు లేరు, ఫైట్లు లేవు, పాటలు కూడా ఒకటో రెండో.

కథ ఒక బోర్డు పెయింటర్‌ది. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు వరంగల్ చౌరస్తా నుంచి పోచమ్మ మైదాన్ దాకా ఏ దుకాణం మీద చూసినా ఆయన చేతిరాతే. ఫ్లెక్సీలు వచ్చి పని పోయింది. ఆయన మాత్రం బ్రష్షు వదలడు. డిగ్రీ చదివిన కూతురు ఫోటోషాప్ నేర్చుకుని ఫ్లెక్సీ షాపులోనే డిజైనర్‌గా చేరుతుంది. భార్య రోజూ తిడుతూ ఉంటుంది. ఇదీ లైను.

నాకు ఏడుపు సినిమా తీయాలని లేదు. జనం నవ్వాలి, నవ్వుతూనే ఆయన పక్షాన ఉండాలి. డ్రాఫ్టు చదివిన దోస్తులు ఇద్దరూ చెరో మాట అన్నారు. ఒకడేమో "ఫస్టాఫ్‌ల ఆయనను జోకర్‌ను చేసినవ్" అన్నాడు. ఇంకొకడు "సెకండాఫ్‌ల ఆయన మీద జాలి పడమని బతిమాలుతున్నట్టున్నది" అన్నాడు.

ఒక సీను చెప్తాను. పెళ్లింటి గోడ మీద వినాయకుణ్ణి వేసి వరుడి పేరు, వధువు పేరు రాస్తారు కదా. మా పెయింటర్ వరుడి పేరు తప్పు రాస్తాడు. మగపెళ్లి వాళ్లు వచ్చి చూసి గొడవ, ఆయన్ని పందిరి చుట్టూ తరుముతారు. చదివి వినిపిస్తే అందరూ నవ్వుతున్నారు. నాకే మింగుడు పడడం లేదు. ఆ పని అంత శ్రద్ధగా చేసే మనిషి వరుడి పేరు తప్పు రాస్తాడా?

అందుకే అడుగుతున్నా. ఈ పని చేసినవాళ్లు, ఇంట్లో చూసినవాళ్లు ఉంటే చెప్పండి. ఆ పనిలో నిజంగా నవ్వు పుట్టేది ఎక్కడ? గిరాకీ తగ్గినప్పుడు మొదట పోయింది ఏంటి? ఇంకోటి, చివర్లో ఆయనకు పెద్ద అవార్డు రావాలని పైసలు పెడతానన్న మా మేనమామ పట్టుబట్టాడు. నాకు మనసొప్పడం లేదు.

నాటకాల అడ్డా

తమ్ముడూ, మేనమామకు దండం పెట్టి ఆ అవార్డు తీసెయ్. అవార్డు వచ్చాక ఊరంతా చప్పట్లు కొడితే, అంతకు ముందు ఆయన రాసిన బోర్డులన్నీ ఆ చప్పట్ల కోసమే రాసినట్టు అవుతుంది. ఆయన రాసింది దుకాణం పేరు జనానికి కనబడాలని.

1983లో బి. నర్సింగరావు గారు తీసిన 'రంగుల కల' దొరికితే చూడు. నగరంలో బతికే ఒక చిత్రకారుడి కథ. ఆ పాత్ర ఆయనే వేశారు. ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. నువ్వు తీసేది కామెడీ, కాబట్టి నవ్వు కోసం దాని దగ్గరికి పోవద్దు. ఆయన స్వయంగా బొమ్మలు వేసే మనిషి కాబట్టి కెమెరా ముందు బ్రష్షు పట్టుకుంటే ఆ చేయి ఎట్లా ఉంటుందో చూడు.

నవ్వు సంగతికి వస్తే, మన మట్టెవాడలో పుట్టిన నేరెళ్ళ వేణుమాధవ్ గారు గుర్తొస్తారు. ఎంతమంది గొంతులు అనుకరించారో లెక్క లేదు. ఎవరి గొంతు తీసినా ముందు ఆ మనిషిని గౌరవంగా విన్నట్టు తెలిసేది. నవ్వించే కళలో ఉన్న కష్టమంతా ఆ వినడంలోనే ఉంది. నువ్వు కూడా ముందు ఒక పెయింటర్ దగ్గర కూర్చుని విను.

ఇంకొక్క మాట. దయచేసి ఆయన చేతిలో మందు సీసా పెట్టొద్దు. మన సినిమాల్లో కళాకారుడికి పైసలు లేవంటే చాలు, తాగిస్తారు.

కాశిబుగ్గ రేకుబోర్డు

తమ్ముడూ, నేను ఆ పని చేసినవాణ్ణే. ఇప్పుడు ఎక్కువగా బడి గోడల మీద బొమ్మలు, గుళ్లల్లో రంగుల పని. బోర్డులు ఎప్పుడో ఒకటి. మా అబ్బాయి నీ ప్రశ్న చదివి వినిపించాడు, నేను చెప్తుంటే వాడే టైపు చేస్తున్నాడు. కొంచెం పొడుగైతది, ఓపికగా చదువు.

ముందు పని ఎట్లా నేర్చుకుంటారో తెలుసుకో. మా గురువు దగ్గర చేరిన కొత్తలో నాకు బ్రష్షు ఇవ్వలేదు. రేకును గరుకు కాగితంతో రుద్దుడు, రెడాక్సైడ్ పూసుడు, కిరసనాయిలుతో బ్రష్షులు కడుగుడు, నిచ్చెన పట్టుకునుడు. తర్వాత దారానికి సుద్దపొడి పట్టించి గీతలు కొట్టుడు. ఆ తర్వాత ఆయన అంచు గీసిన అక్షరాల కడుపులో రంగు నింపుడు. అంచు గీసే చేయి రావడానికి ఏండ్లు పడుతుంది. చేయి వణకకుండా ఎడమ చేతిలో కర్ర పట్టుకుని దాని మీద కుడి మణికట్టు ఆనిస్తాం. నీ హీరోకు ఆ కర్ర లేకపోతే పని తెలిసినవాడు ఒక్క క్షణంలో పట్టేస్తాడు.

తెలుగు రాయడం ఇంగ్లీషు రాసినట్టు కాదు. ఇంగ్లీషుకు పైన ఒక గీత, కింద ఒక గీత కొట్టి మధ్యలో కూర్చోబెట్టొచ్చు. మనకు గుడులు పైకి పోతాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. 'లక్ష్మీ'లో 'క్ష్మీ' ఒక్కటే మూడంతస్తుల జాగా అడుగుతుంది. శ్రీలక్ష్మి పేరుతో ఎన్ని కిరాణాలు, ఎన్ని బట్టల దుకాణాలు ఉన్నాయో నీకు తెలుసు. అందుకని ముందు 'క్ష్మీ'కి జాగా కొలిచి పెట్టుకుని, మిగతా అక్షరాల సైజు దాన్ని బట్టి చూసుకునేవాళ్లం. పేరు సరిగ్గా మధ్యలో పడాలంటే మధ్య అక్షరం నుంచి రెండు పక్కలకు కొలుచుకుంటూ పోవాలి. మండిబజార్‌లో ఉర్దూ కూడా రాయాల్సి వచ్చేది. నాకు ఉర్దూ చదవడం రాదు. దుకాణం సాబు కాగితం మీద రాసిస్తే గళ్లు గీసి, ఒక్కొక్క గడిలో ఉన్నది ఉన్నట్టు రేకు మీద పెంచి రాసేవాణ్ణి. చుక్క ఒకటి అటూ ఇటూ అయితే మాట మారిపోతుందని సాబు కిందనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

ఇక నీ ప్రశ్న. పెయింటర్ పేరు తప్పు రాయడంలో నవ్వు లేదు. మేము రాసేముందు కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకునేవాళ్లం. నవ్వు ఎక్కడ ఉంటుందంటే, మాకు పని మీద పట్టింపు, దుకాణం ఆయనకు పైసల మీద పట్టింపు. ఇద్దరూ ఎవరి లెక్కలో వాళ్లు కరెక్టే. ఆ రెండూ గుద్దుకున్న చోట చూడు.

బోర్డుకు రేటు అడుగు లెక్కన ఉంటుంది. ఆరడుగులు రెండడుగులు అంటే పన్నెండు అడుగులు. ఒక ఎరువుల దుకాణం ఆయన ఆ పన్నెండు అడుగుల్లోనే తన పేరు, తండ్రి పేరు, రెండు ఫోన్ నంబర్లు, వేంకటేశ్వరస్వామి బొమ్మ, అన్ని రకాల విత్తనాల పేర్లు, పత్తి పువ్వు, మిరపకాయ కావాలన్నాడు. నేను కొన్ని తీసేసి, పేరు చుట్టూ కొంచెం ఖాళీ వదిలి రాశాను. ఆయన కింద నిలబడి చాలాసేపు చూశాడు. "నేను పన్నెండు అడుగులకు పైసలిస్తున్న. నువ్వు ఆరడుగులే రాసినవ్. మిగతా ఆరడుగుల పైసలు ఎందుకియ్యాలె?" అన్నాడు. ఆ ఖాళీ ఉంటేనే పేరు దూరం నుంచి కనబడుతుందని నేను, ఖాళీకి పైసలు ఇచ్చేది లేదని ఆయన. చివరికి ఇద్దరం ములుగు రోడ్డు అవతలి పక్కకు పోయి నిలబడి చూశాం. పేరు కనబడిందని ఒప్పుకున్నాడు. అయినా పైసలు తగ్గించే ఇచ్చాడు. ఈ సీనులో నీ పెయింటర్‌ను ఎవరూ కొట్టనక్కర లేదు. జనం నవ్వుతారు, ఆ ఖాళీ ఎందుకు వదిలాడో కూడా వాళ్లకు అర్థమవుతుంది.

రంగుల గొడవ ఇంకొకటి. 2001లో గులాబీ జెండా వచ్చాక ఒక గాజుల దుకాణం అమ్మ గులాబీ రంగు అడిగితే ఆమె మరిది వద్దన్నాడు, పార్టీ దుకాణం అంటారని. పచ్చ వద్దు, అదీ పార్టీయే. మూడు రంగులు కలవొద్దు. కాషాయం వద్దు. ఆఖరికి వంకాయ రంగు కలిపి ఇచ్చాను. ఎన్నికలప్పుడు మేమే అన్ని పార్టీల గోడలూ రాసేవాళ్లం. పొద్దున ఒక గుర్తు, పొద్దుగూకినాక ఇంకో గుర్తు. అదీ ఇదీ రాసినందుకు మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, అది కూలి పని అని అందరికీ తెలుసు. గెలిచినాయన మనుషులు బాకీ కట్టేవాళ్లు. ఓడిన ఆయన ఆఫీసుకు మరునాడే తాళం.

మొదట పోయింది ఏంటి అని అడిగావు. పనుల వరుస చెప్తా. ముందు గుడ్డ బ్యానర్లు పోయినయి. మీటింగులు, కాలేజీ ఫంక్షన్లు, వర్ధంతులు, అన్నీ రాత్రికి రాత్రి ఫ్లెక్సీ అచ్చు అయి వచ్చేవి, ఫోటోలతో సహా. తర్వాత సినిమా హాళ్ల ముందు బొమ్మలు. తర్వాత దుకాణాల బోర్డులు. నంబరు ప్లేట్లు కొన్నాళ్లు నిలబడి రేడియం స్టిక్కర్లకు పోయినయి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండికి హై సెక్యూరిటీ ప్లేటు కంపెనీ షోరూంలోనే బిగిస్తున్నారు, ఇక అదీ లేదు. గోడలు మిగిలినయి. కానీ వీటన్నిటికంటే ముందే ఆగిపోయింది పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలు. నాకు ఇంకా చేతినిండా పని ఉన్న రోజుల్లోనే రావడం మానేశారు. నిచ్చెన పట్టుకునే మనిషి లేక నేను పెద్ద బోర్డులు వదులుకున్నాను. నీ సినిమాలో ఇది చూపిస్తే నాకు సంతోషం. ఫ్లెక్సీ షాపు ఆయనను విలన్ చేస్తే మాత్రం అబద్ధమవుతుంది. ఇక్కడ ఫ్లెక్సీ షాపులు పెట్టినవాళ్లలో మా పెయింటర్లు కూడా ఉన్నారు.

ఇప్పుడు నీ సినిమాకు పనికొచ్చే అసలు ముచ్చట. దుకాణం బోర్డులో అన్నిటికంటే కింద సన్నగా ఒక లైను ఉంటుంది, అడ్రసు. నీ కథను ఆ ఒక్క లైనుతో నడిపించొచ్చు.

2014 జూన్ దాకా వరంగల్ చౌరస్తాలో ఏ బోర్డుకైనా కింద 'వరంగల్ జిల్లా, ఆం.ప్ర.' అని ఉండేది. తెలంగాణ వచ్చింది. కొత్త బోర్డు అంటే ఖర్చు, 'ఆం.ప్ర.' ఒక్కటి తుడిచి 'తెలంగాణ' రాయమని పిలిచారు. నా చేతులతో ఎన్ని బోర్డుల మీద రాశానో. పైసలు తక్కువ పని, కానీ అంత సంతోషంగా నేను ఏ పనీ చేయలేదు. 2016 దసరాకు జిల్లాలు విడగొట్టారు. పాత వరంగల్ ఐదు ముక్కలయింది. చౌరస్తా 'వరంగల్ అర్బన్'లోకి పోయింది. మళ్లీ పిలిచారు, జిల్లా పేరు మార్చమని. 2021లో అర్బన్ జిల్లాకు హనుమకొండ అని పేరు పెట్టి, రూరల్ జిల్లాను వరంగల్ చేశారు. అప్పుడు వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు వరంగల్ జిల్లాలోకి వచ్చినయి. అంటే చౌరస్తా దుకాణం మళ్లీ 'వరంగల్ జిల్లా'. కదలకుండా అక్కడే ఉన్న దుకాణం మూడో జిల్లా పేరు చూసింది, మూడోది మొదటిదే. 2016లో పైసలు దండగ అని మార్పించుకోని పిసినారి దుకాణం ఆయన బోర్డే 2021లో కరెక్టు. అదే హనుమకొండ చౌరస్తాలో ఆయనకు మాత్రం మళ్లీ ఖర్చు.

బండ్ల నంబర్లు కూడా ఇట్లనే. మాది ఏపీ 36. ఉద్యమంలో పిల్లలు రాత్రిపూట బండ్లు తెచ్చి ఏపీ తుడిచి టీజీ రాయమనేవాళ్లు. నేను పైసలు తీసుకోలేదు. రాష్ట్రం వచ్చాక టీఎస్ అన్నారు, మన వరంగల్‌కు టీఎస్ 03. 2024 మార్చిలో టీజీ వచ్చింది. మేము అప్పుడు రాసిందే.

మొత్తం బోర్డు మార్చరు, ఆ ఒక్క లైను కోసం మాత్రం పెయింటర్ కావాలి. ఫ్లెక్సీ ఉన్నవాళ్లు కూడా మొత్తం మళ్లీ కొట్టించడం ఎందుకని కింద లైను మీద రంగు వేసి రాయమన్నారు. ఫ్లెక్సీ మీద ఎనామిల్ ఎండకు పెచ్చులు లేస్తుంది, అయినా రాయించుకున్నారు. ప్రభుత్వం పేరు మార్చినప్పుడల్లా నీ పెయింటర్‌కు రెండు నెలలు పని. పొద్దున పేపర్లో కొత్త జిల్లా వార్త చూసి అందరికంటే ముందు నిచ్చెన దులిపేది ఆయనే. అది జోకు కాదు, మా బతుకు. అందులో నవ్వు ఉందో లేదో జనం చూసుకుంటారు.

శివనగర్ స్క్రిప్టు

అన్నా, నిద్ర పట్టలేదు మీ పోస్టు చదివాక. పెళ్లి గోడ సీను తీసేశాను. కింద లైను నాకు ఇచ్చినట్టేనా? మీరు సరే అంటే సినిమా అంతా ఒకే దుకాణం బోర్డు చుట్టూ తిప్పుతాను, చౌరస్తాలో పిసినారి ఆయన ఒకరు, హనుమకొండలో ఆయన తమ్ముడు ఒకరు.

ఒక సంగతి అడగాలి. బాకీలు అన్నారు కదా. అవి రాసిపెట్టుకునేవాళ్లా?

కాశిబుగ్గ రేకుబోర్డు

వాడుకో తమ్ముడూ, అది అందరి ముచ్చట.

బాకీల పుస్తకం లేని పెయింటర్ ఉండడు. సగం అడ్వాన్సు, మిగతా సగం బోర్డు బిగించినాక. బోర్డు బిగించినాక మన చేతిలో ఏముంటుంది? "రేపు రా", "సోమవారం రా", "మార్కెట్ సెలవులైనాక రా". ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే కాలంలో అడిగితే సరుకు కొనడానికి పైసలు పెట్టిన అంటారు, సరుకు పోయినాక అడిగితే రైతులకు ఇయ్యాలె అంటారు. నేను కొన్ని దుకాణాల్లో బాకీకి బదులు సామాను తెచ్చుకున్న. మా పెద్దబిడ్డ పెళ్లికి స్టీలు గిన్నెలు అట్లా వచ్చినవే. పుస్తకంలో ఉన్న కొన్ని దుకాణాలు ఇప్పుడు లేవు, ఆ మనుషులూ లేరు. పేజీ మాత్రం చింపలేదు.

జనగామ టీచర్

తమ్ముడూ, అందరూ మంచి మాటలే చెప్పారు. నాకు నీ మొదటి పోస్టులో ఒక వాక్యం దగ్గర కాలు ఆగింది. "భార్య రోజూ తిడుతూ ఉంటుంది." అంతేనా ఆమె పని?

ఆయన గిరాకీ లేకుండా అన్నేళ్లు బ్రష్షు వదలకుండా ఉన్నాడంటే ఆ ఇల్లు ఎవరు నడిపారు? మా బడిలో చదివే పిల్లల తల్లులను చూసి చెప్తున్నా, ఆమె బీడీలు చుట్టి ఉంటుంది. తునికాకు తడిపి కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి మూతి మడవాలి. వెయ్యికి ఇంత అని కూలి. కార్ఖానాలో ఏరి పక్కన పడేసిన వాటికి కూలి రాదు. అంటే ఆమెకు కూడా చేతిపనే, ఆమె పనిని కూడా ఒకడు రోజూ వంకలు పెట్టి చూస్తాడు. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఆయన అక్షరం గీస్తుంటే ఆమె చాట ఒళ్లో పెట్టుకుని చుట్టే సీను రాయి. ఎవరి చేయి ఎక్కువ వేగమో ప్రేక్షకులకే తెలుస్తుంది. ఆమె తిట్టినా అప్పుడు ఆ తిట్టుకు బరువు ఉంటుంది.

రెండో మాట చేర్యాల గురించి. అది ఇప్పుడు సిద్దిపేట జిల్లా అయినా మొన్నటిదాకా మన వరంగల్ జిల్లానే. అక్కడి నకాషీ చిత్రకారులు గుడ్డ మీద పటాలు వేసేది గోడకు తగిలించుకోవడానికి కాదు. ఒక్కో కులానికి దాని పురాణం చెప్పే కథకులు ఉండేవారు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, గొల్లలకు మందహెచ్చుల వాళ్లు. వాళ్లు వచ్చి పటం వేయించుకునేవారు, మందహెచ్చుల వాళ్లయితే బొమ్మలు చేయించుకునేవారు. నేత గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఎర్రటి నేల మీద వరుసలు వరుసలుగా కథంతా వేసేవారు. రాత్రిళ్లు కూర్చుని కథ వినే జనం తగ్గారు, కథకులు పటాలు అడగడం తగ్గింది. అప్పుడు నకాషీ వాళ్లు చిన్న ఫ్రేములకు, మాస్కులకు, తాళంచెవి గొలుసులకు వచ్చారు. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు కూడా బొమ్మలు వేస్తారు, మాస్కులు చేస్తారు. భౌగోళిక గుర్తింపు వచ్చింది, అవార్డులూ వచ్చాయి, మంచిదే. కానీ ముప్పై అడుగుల పటం కావాలని వచ్చే కథకుడు తిరిగి రాలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, కళాకారుడి కంటే ముందు ఆయన గిరాకీ దెబ్బతింటాడు. పెయింటర్ అన్న చెప్పిన ఎరువుల దుకాణం, గాజుల దుకాణం ఇప్పుడు ఎట్లా ఉన్నాయి? వాళ్ల పిల్లలు కూర్చుంటున్నారా? నీ పెయింటర్ బాకీ పుస్తకం పట్టుకుని ఆ దుకాణాలన్నీ తిరిగితే మొత్తం ఊరు కనబడుతుంది. కూతురు బండి నడపాలి, ఆయన వెనక కూర్చోవాలి. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

కాశిబుగ్గ రేకుబోర్డు

టీచరమ్మ గారూ, నమస్తే. మా ఇంటామె బీడీలు చుట్టలేదు, మిషన్ కుట్టింది. కానీ మీరు చెప్పింది మా ఇంటి సంగతే. ఇంకొకటి కలుపుతా. నేను రాసిన ప్రతి కాగితం ముందు ఆమె చదివేది. నాకు అక్షరం గీయడం వచ్చు గాని ఏ 'ణ' ఎక్కడ పెట్టాలో ఆమెకే బాగా తెలుసు, పదో తరగతి దాకా చదివింది. తమ్ముడూ, ఇది కూడా రాసుకో.

కాజీపేట సౌండు

ఆలస్యంగా చూశాను. హైదరాబాద్‌లో సౌండ్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటుగా చేస్తున్నా, ఇల్లు కాజీపేట. కథ గురించి పెద్దవాళ్లు చెప్పేశారు, నేను షూటింగ్ సంగతులు చెప్తా. ఇక్కడే చిన్న సినిమాలు మునుగుతాయి.

అక్షరం రాసే షాటుకు రీటేక్ ఉండదు. ఎనామిల్ ఒకసారి పడిందంటే తుడిస్తే మరక, ఆరాలంటే గంటలు. కాబట్టి ఒకే బోర్డును ఒకే దశ దాకా రాసి పెట్టిన మూడు రేకులైనా రెడీగా ఉండాలి. 'క్ష్మీ' దగ్గర షాటు పోతే రెండో రేకు ఎక్కించాలి. ఈ ఖర్చు ఇప్పుడే బడ్జెట్‌లో రాసుకో, లేకపోతే సెట్‌లో పెయింటర్ చేయి చూపించకుండా ముఖం మీదే కెమెరా పెట్టాల్సి వస్తుంది. అప్పుడు ఈ సినిమాకు అర్థమే లేదు.

చౌరస్తాలో లైవ్ సౌండ్ పగలు సాధ్యం కాదు, ఆటోలు, బస్సులు. దుకాణాలు తెరవకముందు పొద్దున ఆరింటికి మాటల సీన్లు తీయి. ఫ్లెక్సీ మిషన్ హెడ్ అటూ ఇటూ తిరిగే చప్పుడు మాత్రం అసలు మిషన్ దగ్గరే రికార్డు చేసుకో. కూతురు షాపులో ఆ చప్పుడు ఎప్పుడూ ఉంటుంది, తండ్రి దగ్గర ఏ చప్పుడూ ఉండదు. నేను ఈ సినిమా చేస్తే సౌండ్ అంతా ఆ తేడా మీదే కట్టుకుంటా.

ఖిలా వరంగల్‌లో గాని, వేయిస్తంభాల గుడిలో గాని తీయాలనుకుంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి, ఫీజు ఉంటుంది, ముందుగా అప్లై చేయాలి. నీ కథకు అవి అవసరమా అని ఒకసారి ఆలోచించు. ప్రతి వరంగల్ సినిమాలో తోరణం చూపిస్తారు. నీది దుకాణాల సినిమా. ఇంకా, టీ కొట్టు రేడియోలో పాత సినిమా పాట వినబడితే బాగుంటుందని రాసుకుని ఉంటావు, దానికి హక్కులు కొనాలి. థియేటర్‌లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ తప్పదు.

కళా దర్శకుణ్ణి మాత్రం మొదటి రోజే చూసుకో. పైన నాటకాల అడ్డా అన్న చెప్పిన నర్సింగరావు గారే తర్వాత 'దాసి' తీశారు. దానికి 1988 జాతీయ అవార్డుల్లో కళా దర్శకత్వం అవార్డు అందుకున్నది మన కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం గారు. బొమ్మలు వేసే మనిషి సెట్ చూసుకుంటే ఎట్లా ఉంటుందో అందులో కనబడుతుంది. నీకు పెయింటర్ అన్న దొరికాడు. ఆయనకు టైటిల్స్‌లో పేరు, చేతికి పారితోషికం, రెండూ ఇవ్వు. 'అవకాశం ఇస్తున్నాం' అని మాట్లాడితే మాత్రం నేనే వచ్చి అడ్డం పడతా.

శివనగర్ స్క్రిప్టు

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి కూర్చుని కథ మళ్లీ వేసుకున్నాను.

కూతురికి ఫ్లెక్సీ షాపులో ఉద్యోగానికి సొంత కంప్యూటర్ కొనుక్కోవాలి. తండ్రి దగ్గర పైసలు లేవు, బాకీల పుస్తకం ఉంది. ఇద్దరూ కలిసి వసూళ్లకు బయలుదేరుతారు. అది 2021 ఆగస్టు, జిల్లా పేర్లు మారిన నెల. బాకీ అడగడానికి పోయిన ప్రతి చోటా "బాకీ తర్వాత చూద్దాం, ముందు కింద లైను మార్చు" అంటారు. ఆయన రాస్తాడు, అదీ బాకీలో పడుతుంది. కూతురికి కోపం. ఇంట్లో భార్య బీడీలు చుడుతుంది, కాగితాలు చదివి తప్పులు దిద్దేది కూడా ఆమే, పుస్తకంలో లెక్కలు రాసేదీ ఆమే. ఎవరు ఎంత ఇవ్వాలో ఆయనకు గుర్తుండదు, ఆమెకు నోటికి వచ్చు. చివర్లో చౌరస్తా పిసినారి ఆయన దగ్గరికి ఆమే పోతుంది.

అవార్డు లేదు. మేనమామకు నిన్న చెప్పాను. ముందు అలిగాడు. తర్వాత ఎరువుల దుకాణం సీను చదివి వినిపిస్తే నవ్వి, ఆ పన్నెండు అడుగుల లెక్క ఇంకోసారి చదవమన్నాడు. ఆయనకు హనుమకొండలో హార్డ్‌వేర్ దుకాణం ఉంది.

కాశిబుగ్గ అన్నా, మీరు ఒప్పుకుంటే బోర్డులన్నీ మీ చేతనే రాయించాలని ఉంది. క్లోజప్‌లో చేయి కూడా మీదే. రేకులు నేను ఈ ఆదివారం కొనుక్కుని రానా?

కాశిబుగ్గ రేకుబోర్డు

రేకులు నువ్వు కొనకు. గేజీ తెలియక పల్చటివి తెస్తావు, బ్రష్షు ఆనిస్తే దబదబ ఊగుతాయి. ఇద్దరం కలిసి పోదాం. ఎనామిల్‌లో పసుపు, ఎరుపు, నీలం, నలుపు, తెలుపు ఐదు డబ్బాలు చాలు, మిగతావి కలుపుకుంటా. పాత బోర్డులు కనబడాలంటే కొత్త రేకు మీద రాసి మసి పూస్తే కుదరదు. నా దగ్గర పక్కన పడేసిన బోర్డులు రెండు మూడు ఉన్నయి, పాత దుకాణాల వాళ్లను అడిగితే అటకల మీద ఇంకా దొరుకుతయి.

రేటు అడుగు లెక్కనే. సగం అడ్వాన్సు, మిగతాది షూటింగ్ అయిన రోజే, సోమవారం అనొద్దు. చేయి నాదే అయితే ముఖం వేసే నటుడి చేయి కూడా కొంత కదలాలి. అతన్ని నెల ముందు నా దగ్గరికి పంపు. మొదటి వారం గరుకు కాగితం ఇస్తా.